ఊదు పట్టిన టోపీలు

ఓడలో వచ్చి ఓడలో పోయే మనుషుల మీద నాకు మొదటినుంచీ నమ్మకం తక్కువ. చలికాలం రాగానే ఒమన్‌లో మేముండే ఊరి మత్రా రేవులో పెద్ద పెద్ద విహార నౌకలు ఆగుతాయి. పొద్దున దిగినవాళ్ళు బజారు చుట్టేసి, పెద్ద మసీదు ముందు ఫొటోలు దిగి, ఒక సాంబ్రాణి పొట్లం కొనుక్కుని సాయంత్రానికి ఎక్కి పోతారు. అలాంటి ఓడలో వస్తున్న ఒక జర్మన్ పెద్దమనిషి బజారూ మసీదూ మానుకుని అజైబా పేటలో మా ఫ్లాటుకు వస్తానని రాశాడు. మా నాయన దాచిన టోపీల్లో ఒకదాన్ని చేత్తో పట్టుకుని చూడాలట. అది వాళ్ళ నాన్న టోపీ కావచ్చునట. ఆ కావచ్చు అనే మాట దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను.

ఆయనకు మా ఆచూకీ తెలియడానికి కారణం నేనే. నాయన పోయాక ఆ టోపీలను ఏం చేయాలో తోచలేదు. అన్నీ జర్మనీ ఊళ్ళలోని అగ్నిమాపక దళాల పాత టోపీలు. ముదురు నీలం ఉన్ని బట్ట, చుట్టూ ఎర్రటి పైపింగ్, ముందు నల్లగా మెరిసే అంచు, నుదుటి మీద ఒక బిళ్ళ. వాటికి ఫొటోలు తీసి, ఇలాంటివి సేకరించేవాళ్ళు ఫోనులో నడుపుకునే ఒక గుంపులో పెట్టాను. పలకరించినవాళ్ళందరూ కొంటామన్నారు. ఈయన ఒక్కడే కొనే ఊసెత్తలేదు. దాంతో నా అనుమానం ఇంకాస్త ముదిరింది. ఒక టోపీకి ఎడమవైపు గుండీ కుడివైపు దానిలా లేదని, ఆ గుండీ కుట్టింది తన తల్లే అయి ఉంటుందని, ఆ టోపీని ఒమన్‌కు పంపింది కూడా ఆమేనని రాశాడు. తన పేరు యుర్గెన్ అట. పోయిన తల్లి పేరు హనెలోరె.

ఈ సంగతి చెప్పేటప్పటికి అమ్మ వంటింట్లో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. చేతిలో రెబ్బ చేతిలోనే ఉంచి, "పంపిచ్చింది ఆడమనిసేనా?" అంది. అవునన్నాను. "నేను చెప్పలా?" అని మళ్ళీ వెల్లుల్లి మీదికి వంగింది. నా చిన్నప్పటినుంచీ మా ఇంట్లో తేలకుండా ఉండిపోయిన తగువు ఆ ఒక్క మాటతో తేలిపోయింది. కానీ గెలిచిన మనిషి సంతోషం అమ్మ ముఖంలో కనబడలేదు. కాసేపటికి, ఆ మనిషిని రమ్మను, ఒక మాట అడగాలి అంది. ఏం మాటని నేను అడగలేదు. ఆ ఆడమనిషికీ మా నాయనకూ మధ్య ఏముందో తెలుసుకోవాలని అమ్మ నా బాల్యమంతా కాచుకుని ఉంది. నాయన చెప్పకుండానే పోయాడు. ఇక చెప్పగలిగినవాడు ఈ ఓడ మనిషి ఒక్కడే.

మాది కడప జిల్లా. దూదేకుల వాళ్ళం కాబట్టి ఇంట్లో తెలుగే. నాయన పేరు మస్తానయ్య. మంటలార్పే సిలిండర్లు నింపే ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాడు. ఆ రోజుల్లో అజైబాలో ఇన్ని ఆఫీసులూ షాపులూ లేవు. మా బిల్డింగు వెనక ఇసుక, ఇసుక వెనక సముద్రం. విమానాలు మా మిద్దె మీది నీళ్ళ ట్యాంకులను తాకుతాయేమో అన్నంత కిందికి దిగేవి. నాయన డ్యూటీ నుంచి వస్తున్నాడంటే, ఆయన మెట్లెక్కకముందే ఆయన బట్టల మీది పొడి వాసన పైకొచ్చేది. సిలిండర్లలో నింపే ఆ పసుపుపచ్చ పొడి ఆయన కాలర్ మడతలోనూ చెవుల వెనకా ఎప్పుడూ ఉండేది. అమ్మ ఆయన బట్టలను వేరే బకెట్లో నానబెట్టేది. ఇంటినిండా సముద్రపు తేమ. పుస్తకాల అట్టలు ఉబ్బేవి, చెప్పులకు బూజు పట్టేది, ఊరి నుంచి వచ్చేవాళ్ళు పెట్టెల్లో తెచ్చిన రాగిపిండి ఉండలు కట్టేది. ఏసీ కింద పెట్టిన గిన్నెలో నీళ్ళ చుక్కలు పడే చప్పుడు వింటూనే నేను పాఠాలు చదువుకున్నాను.

అప్పట్లో సెలవులు గురు, శుక్రవారాలు. గురువారం సాయంత్రం అమ్మ ఫాతెహా ఇచ్చి ఇల్లంతా ఊదు వేసేది. ఊళ్ళో ఉన్నప్పుడు శెట్టి అంగట్లో దొరికే నల్లటి సాంబ్రాణి వేసేదట. ఇక్కడికొచ్చాక లుబాన్ అలవాటైంది. పాలరాయి ముక్కల్లాంటి ఆ గడ్డలను నిప్పుల మీద వేస్తే నిమ్మతొక్క కాలినట్టు, గుగ్గిలం కరిగినట్టు ఒక వాసన లేచేది. కింది ఇంటి ఒమానీ ఆమె అమ్మకు మట్టి ధూపం పాత్ర ఒకటి ఇచ్చి, దాని మీద పుల్లల గూడు నిలబెట్టి బట్టలకు ఎలా పొగ పట్టించాలో నేర్పింది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా పొగ విషయంలో ఒక్క చిన్న పొరపాటు కూడా జరగలేదు.

టోపీల పిచ్చి అల్ సువైక్ అనే ఊళ్ళో మొదలైంది. అక్కడ ఖర్జూరాలు ప్యాక్ చేసే షెడ్డులో నురగ పంపు బిగించడానికి జర్మనీ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. నాయన ఆ సైట్‌లో ఆయనకు చేదోడుగా ఉన్నాడు. ఇంజనీరు తిరిగి పోతూ, తన ఊరి అగ్నిమాపక దళంలో తాను పెట్టుకునే పాత టోపీని నాయన తల మీద పెట్టి పోయాడట. అది నాయన కనుబొమల దాకా దిగింది. వాళ్ళ ఊళ్ళో మంటలార్పేవాళ్ళకు జీతం లేదని ఆయన చెప్పాడట. రొట్టెలు కాల్చేవాడు, బడి పంతులు, వడ్రంగి, అందరూ సైరన్ మోగితే చేతిలో పని వదిలేసి పరుగెత్తుతారట. మంట దగ్గరికి హెల్మెట్, ఊరేగింపుల్లో ఈ టోపీ. నాయన ఈ మాట చెబుతున్నప్పుడు ఆయన గొంతు మారేది. గల్ఫ్‌లో ఎవరైనా ఒక అడుగు వేసేది జీతానికే. జీతం లేకుండా, ఎవరూ బలవంతం చేయకుండా, నిప్పులోకి పోయేవాళ్ళు ఒక దేశంలో ఊరికొక గుంపు ఉన్నారన్న సంగతి ఆయన్ను వదల్లేదు. అమ్మ మాత్రం అంట్లు తోముతూనే, జీతం లేకుండా ఎవరు చేస్తారు, ఏదో ఉంటుంది, వాళ్ళు నీకు చెప్పరు అనేసింది.

నాయన మత్రా బజారులో మంచి లుబాన్ ఏరి కొని, కృతజ్ఞతగా ఆ ఇంజనీరు ఊరి అగ్నిమాపక దళానికి పంపాడు. కొన్నాళ్ళకు ఒక పెట్టె వచ్చింది. అందులో ఇంకో టోపీ. నాయన మళ్ళీ లుబాన్ పంపాడు. మళ్ళీ టోపీ. ఇలా సాగింది. ఈ దేశంలో ఇంటికి టపా రాదు. అంతా పోస్టాఫీసు పెట్టెకే రావాలి. ఆ పెట్టె కంపెనీది. కాబట్టి పార్సిల్ మొదట నాయన చేతికి వచ్చేది, ఆ తర్వాతే ఇంటికి. ఇంటికి వచ్చేటప్పటికి పంపినవాళ్ళ పేరు ఉండాల్సిన చోట అట్ట బ్లేడుతో నీట్‌గా కోసేసి ఉండేది. కంపెనీ మేనేజరు పిల్లలు స్టాంపులు దాస్తారని, వాళ్ళ కోసం కోశానని నాయన చెప్పేవాడు. స్టాంపు కుడి మూలన ఉంటుంది, పేరు ఎడమ మూలన. ఎడమ మూల ఎందుకు కోశావని అమ్మ ఒకసారి అడిగింది. నాయన నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు నాకూ నచ్చలేదు. ఒకసారి మాత్రం బ్లేడు కాస్త పక్కకు పోయి, పేరు మొదటి అక్షరం మిగిలింది. హెచ్. ఆ అక్షరంతో మొదలయ్యే జర్మన్ పేర్లు మగవాళ్ళవా ఆడవాళ్ళవా అని మా స్కూలు లైబ్రరీలో వెతికాను. రెండు రకాలూ ఉన్నాయి.

అనుమానించిన వాళ్ళు మేము ఇద్దరమే కాదు. ఒకసారి కస్టమ్స్ వాళ్ళు పార్సిల్ ఆపేశారు. పరదేశపు యూనిఫాం టోపీలు నీకెందుకు, ఇవి పోలీసులవా, మిలిటరీవా అని అడిగారట. నాయన బిళ్ళ మీది మంట గుర్తు చూపించి, తన చేతుల మీది పాత కాలిన మచ్చలు చూపించి, ఇది ఆర్పేవాళ్ళ టోపీ అని తనకు వచ్చిన కొద్ది అరబ్బీలో చెప్పుకొచ్చాడు. ఆఫీసరు నమ్మలేదు గానీ విసిగిపోయి వదిలేశాడు. మా పై అంతస్తులో ఉండే హైదరాబాదు ఖలీల్ మామ, ఈ టోపీల వెనక ఏదో పెద్ద బిజినెస్ ఉందని, మస్తాన్ భాయ్ పైకి అమాయకుడిలా కనిపిస్తాడు గానీ లోపల గట్టివాడని మిద్దె మీద బట్టలు ఆరేసే ఆడవాళ్ళ దగ్గర అనేవాడు.

నాయన మాత్రం టోపీలను అనుమానించేవాడు. ఒకసారి మత్రాలో పాత సామాన్ల కొట్టులో ఎంతో మురిసిపోయి ఒక నీలం టోపీ కొనుక్కొచ్చాడు. తీరా అది రైలు గార్డు టోపీ. బిళ్ళ మీద రెక్కల చక్రం ఉంటే, దాన్ని ఆయన నీళ్ళ పంపు చక్రం అనుకున్నాడు. వారం రోజులు అన్నం సరిగా తినలేదు. ఆ తర్వాత ఏ టోపీ వచ్చినా గురువారం పొద్దున మంచం మీద దుప్పటి పరిచి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పరీక్ష మొదలుపెట్టేవాడు. ముందు లోపల చూడు పాపా, పైన చూసి మోసపోవద్దు అనేవాడు. లోపలి తోలు పట్టీ చెమటకు నల్లబడిందా, నల్లదనం నుదుటి దగ్గర ఎక్కువా చెవుల దగ్గర ఎక్కువా, బిళ్ళ కింద బట్ట రంగు వెలిసిపోకుండా ఉందా, కుట్టు మనిషి కుట్టిందా మిషను కుట్టిందా. మరీ శుభ్రంగా, మరీ సరిగ్గా ఉన్నదాన్ని పక్కన పెట్టేవాడు. అన్ని ప్రశ్నలకూ జవాబు చెప్పే టోపీని నమ్మకూడదట. తర్వాత పాత పళ్ళ బ్రష్షుతో మెల్లగా దుమ్ము దులిపేవాడు. ఆ కాసేపూ ఆయన కంపెనీలో అందరి చేతా తిట్లు తినే మస్తాన్‌లా ఉండేవాడు కాదు. నేను రెండు రకాల అనుమానాలూ అక్కడే నేర్చుకున్నాను. నాయన దగ్గర వస్తువులను, అమ్మ దగ్గర మనుషులను అనుమానించడం.

అసలు తగువు ఒక టోపీ లోపలి నుంచి వచ్చింది. ఎడమ గుండీ వేరేగా ఉన్న టోపీ అదే. లోపల ఒక చిన్న బట్ట సంచి. నీలం గళ్ళ బట్ట, మూతికి ముడేసిన దారం. లోపల ఎండిన ఊదారంగు పూలు. పెట్టె తెరిచీ తెరవగానే ఆ వాసన గదంతా పరుచుకుంది. మల్లె కాదు, మరువం కాదు, సబ్బులాంటి, పెళ్ళిలాంటి ఒక వాసన. నాయన సంచిని ముక్కు దగ్గర పెట్టుకుని, సంతోషంగా నవ్వి, దాన్ని అమ్మ చేతికిచ్చాడు. ఇది నీ కోసం పంపించినట్టున్నారు హుసేనమ్మా అన్నాడు. ఆయన నిజంగానే అలా అనుకున్నాడని నా నమ్మకం. లేదా అలా నమ్మడం నాకు ఇష్టం. అమ్మ ఆ సంచిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఒక ఆడమనిషి కుట్టిన కుట్టు అది. సన్నగా, ఓపిగ్గా, ఎక్కడా వంకర లేకుండా ఉంది. మగవాళ్ళు మగవాళ్ళకు పూలు పంపరు. అమ్మ లేచి బయటికి పోయి, దాన్ని వీధి చివరి చెత్త డ్రమ్ములో వేసి వచ్చింది. నాయన ముఖం మాడిపోయింది. ఆ రోజు కారం దోసెలు వేసింది, మేమెవరమూ తినలేదు.

ఆ గురువారం నుంచి అమ్మ టోపీలన్నిటికీ ఊదు పట్టించడం మొదలుపెట్టింది. బట్టలకు వాడే పుల్లల గూటి మీద వాటిని బోర్లించి, కింద లుబాన్ వేసి, పొగ తోలు పట్టీలోంచి, ఉన్ని పోగుల్లోంచి కారేదాకా ఉంచేది. బూజు పట్టకుండా అని చెప్పేది. నాయన కూడా అదే నమ్మి, చూశావా పాపా, మీ అమ్మకు కోపం తగ్గింది, టోపీలు చూసుకుంటోంది అని సంబరపడ్డాడు. ప్రతి గురువారం ఇదే తంతు. కొత్త టోపీ వస్తే ముందు దానికి పొగ. ఇల్లంతా, మేమంతా, టోపీలన్నీ ఒకటే వాసన. కొన్నాళ్ళకు పార్సిళ్ళు ఆగిపోయాయి. నాయన కంపెనీ పెట్టె దగ్గరికి పోయి ఉత్త చేతులతో వచ్చేవాడు. ఎందుకు ఆగాయో ఆయన చెప్పలేదు. అమ్మ అడగలేదు. ఆగిపోయినందుకు ఆయన అంత బెంగపడడం చూసి ఆమె అనుమానం గట్టిపడిపోయింది. ఇంట్లో ఇద్దరూ మర్యాదగానే ఉండేవాళ్ళు. అన్నం పెట్టడం, తినడం, ఊరికి ఫోను చేసుకోవడం, నా పెళ్ళి చేయడం, అన్నీ సక్రమంగా జరిగాయి. కానీ టోపీల మాట వస్తే అమ్మ ఆ గదిలో ఉండేది కాదు. నాయన కథలు ఎన్ని చెప్పినా వినడానికి నేనొక్కదాన్నే. నేను కూడా సగమే విన్నాను.

ఇప్పుడు అజైబా నిండా అద్దాల భవనాలు. మా పాత బిల్డింగు స్థానంలో ఫర్నిచర్ షోరూం వచ్చింది. నేను ఇక్కడే ఒక స్కూల్లో తెలుగు, హిందీ చెబుతూ ఉండిపోయాను. నాయన చివరి రోజులు మా దగ్గరే గడిచాయి. అప్పట్లో పేరు కోసేసిన ఒక అట్టముక్క కోసం మేము సంవత్సరాల తరబడి మథనపడ్డాం. ఇప్పుడు ఒక ఫొటో పెడితే, వారం తిరక్కుండా, ఎక్కడో జర్మనీ పల్లెలో గుండీని గుర్తుపట్టినవాడు బయటపడ్డాడు. సులభంగా దొరికినదాన్ని చూస్తే నాకు భయం. ఫొటోలో గుండీ తేడా ఎవరికైనా కనిపిస్తుంది, దాని చుట్టూ కథ అల్లడానికి ఎంతసేపు అని నాలో నేనే వాదించుకున్నాను. అందుకని ఆయన వచ్చే రోజు టోపీలన్నిటినీ దుప్పటి మీద కలగలిపి పెట్టి, ఆ ఎడమ గుండీ గోడవైపు ఉండేలా తిప్పి ఉంచాను.

యుర్గెన్ సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. ఎండకు ముక్కు కందిపోయి ఉంది. గుమ్మం దగ్గర ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పాడు. ఇది ఎవరు నేర్పి పంపారో అనుకున్నాను. అమ్మ మూల కుర్చీలో తస్బీ పట్టుకుని కూర్చుంది. ఆయన తల వంచి నమస్కరిస్తే, ఆమె పూసలు తిప్పడం ఆపకుండా కళ్ళతోనే అందుకుంది. మేమిద్దరం ఇంగ్లీషులో మాట్లాడుకున్నాం. ఆయన ఆ టోపీని వెతికిన తీరు నేను అనుకున్నట్టు లేదు. గుండీ కోసం చూడలేదు. వరసగా ఒక్కొక్కదాన్నీ తీసి లోపల ముక్కు పెట్టి వాసన చూశాడు. ఆ టోపీ చేతికి వచ్చాక గుండీ చూసి, దాని మీద బొటనవేలు రాసి, అప్పుడు కూడా లోపల ముక్కు పెట్టి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత దాన్ని దుప్పటి మీద పెట్టేశాడు.

తెలియడం లేదు అన్నాడు. గుండీ తన తల్లి కుట్టినట్టే ఉందట, కానీ ఇది తమ ఇంటి వాసన కాదట. తన తండ్రి పోయినప్పుడు తనకు ఊహ తెలిసీ తెలియని వయసట. ఆయన ముఖం సరిగా గుర్తులేదు గానీ తమ ఇంట్లో చుట్టుపక్కల ఊళ్ళ దళాల పాత టోపీలు దాచే అలమార తెరిస్తే వచ్చే వాసన బాగా గుర్తుందట. దాని కోసమే వచ్చాడట. తర్వాత మిగతా టోపీల వైపు చూసి, అన్నిటికీ ఒకే వాసన ఎందుకుందని అడిగాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఒకే చోట తయారైన నకిలీ సరుకును గుర్తుపట్టినప్పుడు నాయన చూసే చూపు అది. నేను ఆయన్ను పరీక్షిద్దామని కూర్చుంటే ఆయన నన్ను అనుమానిస్తున్నాడు. నాకు కోపం వచ్చింది. ఆ వెంటనే, మోసం చేయడానికి వచ్చినవాడైతే ఇదే మా నాన్నదని ఒక్క చూపుకే ఏడ్చి తీసుకుని పోయేవాడు కదా అన్న ఆలోచనా వచ్చింది. తెలియడం లేదని చెప్పడానికి ఎవరూ సముద్రాలు దాటి రారు.

ఇంటి పద్ధతి ప్రకారం గురువారం గురువారం పొగ పట్టించామని, అందుకే ఈ వాసన అని చెప్పాను. ఆయన తల ఊపాడు గానీ నమ్మినట్టు లేదు. అప్పటిదాకా తస్బీ తిప్పుతున్న అమ్మ వేళ్ళు ఆగాయి.

"ఏమంటాండాడు?" అంది. చెప్పాను. అమ్మ కుర్చీలో ముందుకు వంగింది. "పాపా, ఆ సంచిలో పూలు వాళ్ళమ్మ ఎవురి కోసరం పంపిచ్చిందో అడుగు."

నాకు తల కొట్టేసినట్టయింది. తండ్రి కోసం వచ్చిన మనిషిని, చచ్చిపోయిన తల్లి గురించి ఇలా ఎలా అడుగుతాం? అడగొద్దని అమ్మకు చెప్పబోయాను. ఆమె నా వైపు చూడటం లేదు. ఆయన ముఖంలోకే చూస్తోంది. అడిగాను. వీలైనంత మెత్తగా అడిగాను. ఒక టోపీలో చిన్న సంచి వచ్చింది, ఎండిన ఊదా పూలు ఉన్నాయి, అవి ఎవరి కోసమో మా అమ్మకు తెలుసుకోవాలని ఉంది అన్నాను.

ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖమంతా విప్పారింది. సంచి ఉందా అని లేచాడు. లేదని చెబితే మళ్ళీ కూర్చున్నాడు. ఆ వాసనేనట తాను వెతుకుతున్నది. లావెండర్. అలమారలో ప్రతి టోపీలోనూ ఒక్కో సంచి ఉండేదట. తండ్రి పాత చొక్కాల బట్టతో తల్లి కుట్టేదట. నీలం గళ్ళ చొక్కా ఆయనకు ఇష్టమట. ఎవరి కోసమంటే ఏం చెప్పను, పురుగుల కోసం అన్నాడు. ఉన్ని బట్ట కదా, పురుగు కొరికేస్తుంది, మా దేశంలో ప్రతి ఇంట్లో పెడతారు, పార్సిల్ కట్టేటప్పుడు తీయడం మరిచిపోయి ఉంటుంది అన్నాడు.

నేను అమ్మ వైపు తిరిగాను. మా బట్టల పెట్టెల్లో అమ్మ వేసే కలరా ఉండల్లాంటివే అవి అని చెప్పాను.

"పురుగులకా?" అంది అమ్మ.

అవునన్నాను.

"పురుగులకా," అని తనలో తానే మళ్ళీ అంది. తస్బీ ఒడిలోకి జారింది. ఆమె ముఖంలో ఒక్కొక్కటే ఊడిపోతున్నట్టు ఏదేదో మారింది. నాకు దగ్గరికి పోవాలంటే భయం వేసింది. ఆయన అయోమయంగా మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. అమ్మ నా వైపు తిరిగింది. "బూజు కోసరం కాదు పాపా నేను పొగేసింది. ఆయమ్మ వాసన ఇంట్లో ఉండకూడదని ఏసినా. వాళ్ళ నాయన వాసన నేనే పోగొట్నానని చెప్పు ఆయప్పకు."

వద్దమ్మా అన్నాను. చెప్పు అంది. చెప్పాను, ఒక్క మాట దాచకుండా. యుర్గెన్ నవ్వుతాడేమో, నొచ్చుకుంటాడేమో అనుకున్నాను. రెండూ కాలేదు. టోపీని మళ్ళీ చేతిలోకి తీసుకుని, తన తల్లి మా నాయనను ఎప్పుడూ చూడలేదని, మనిషి ఎలా ఉంటాడో కూడా తెలియదని, దళంవాళ్ళు ఆమెకు ఇచ్చిన లుబాన్ మాత్రం ప్రతి శీతాకాలం తండ్రి ఫొటో ముందు వెలిగించేదని, చేతులు వణకడం మొదలయ్యాక పార్సిళ్ళు కట్టలేకపోయిందని చెప్పాడు. ఇదంతా నిజమేనా అని నాలో ఒక మూల అప్పుడు కూడా ప్రశ్న లేచింది. పార్సిళ్ళ మీద పంపినామె పేరును నాయన ఎందుకు కోసేవాడో ఆ మాటల్లో లేదు. ఇంట్లో శాంతి కోసం కోశాడని నేను అనుకుంటున్నాను. అనుకోవడమే, తెలియదు.

అమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. ఆయన దగ్గరికి నడిచి, ఆయన చేతిలోని టోపీని ఆయన ఛాతీ వైపు నెట్టింది. "తీసకపో నాయనా," అంది. అది వాళ్ళ నాన్నదో కాదో ఎవరికీ తేలలేదు. ఆయన కాదని అనలేదు, అవునని అనలేదు. ఓడ టైమవుతోందని చెప్పి, గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ రెండు చేతులతో పట్టుకున్న టోపీని ఎక్కడ పెట్టాలో తెలియక తల మీద పెట్టుకున్నాడు. అది ఆయనకు సరిపోయింది. అయినా సరిపోయే తలలు లోకంలో చాలా ఉంటాయి.

తలుపు వేసి వచ్చేటప్పటికి అమ్మ దుప్పటి పక్కన నేల మీద కూర్చుని ఉంది. మోకాళ్ళ నొప్పితో ఆమె నేల మీద కూర్చుని చాలా కాలమైంది. "నా చేతికిచ్చినాడు పాపా. నీకేనని ఇచ్చినాడు. నేను పారేస్తిని," అంది. నేనూ పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆమె చివరి వరసలోని ఒక టోపీ తీసుకుని, ముందు అంచు మీది దుమ్మును పైట చెంగుతో తుడిచింది. "ఇది యా ఊరిది? చెప్పు," అంది.

నాయన బతికి ఉండగా ఆమె ఒక్కసారి కూడా అడగని ప్రశ్న అది. నాకు తెలిసినంత చెప్పాను. ఇది రొట్టెలు కాల్చేవాడి టోపీ, పొయ్యి ఆరకముందే సైరన్ మోగితే పిండి చేతులతోనే పోయేవాడట అన్నాను. అమ్మ తల ఊపి దాన్ని పక్కన పెట్టి ఇంకోటి అందుకుంది. అదీ చెప్పాను. తర్వాతది నాకు తెలియదు. నాయన చెప్పినప్పుడు నేను విని ఉండను. అమ్మ నా ముఖంలోకి చూస్తూ ఎదురుచూస్తోంది. ఇది ఒక బడి పంతులుదట, కాలుతున్న కొట్టంలోంచి చూలు ఆవును బయటికి తోలుకొచ్చాడట అని చెప్పేశాను. అట్లనా అంది అమ్మ. దాన్ని ఒకసారి నిమిరి పక్కన పెట్టింది. ఇంకోటి తీసింది. దానికీ ఒక కథ కల్పించాను, దాని తర్వాత దానికీ. కూరగాయల బండివాడి మాట నుంచి డాక్టరు చెప్పిన జ్వరం దాకా దేన్నీ ఒక పట్టాన నమ్మని మనిషి, నేను చెప్పిన ప్రతిదాన్నీ నమ్మింది. నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ అది చూసింది. ఎందుకని అడగకుండా తర్వాతి టోపీ అందుకుంది.